చెరువులో దిగనీయని ఊరు ఈత పరీక్ష పెడుతోంది

మన కొండల్లోకీ కాలవగట్ల మీదికీ కొత్త ఆటొకటి వస్తోంది. ఇంగ్లీషులో అడ్వెంచర్ రేసు అంటారు. మనం సాహస పందెం అనుకుందాం. మామూలుగా నలుగురు కలిస్తే ఒక జట్టు. ఆ నలుగురిలో ఆడా మగా ఇద్దరూ ఉండి తీరాలి. కొంత దూరం కొండదారుల్లో నడక, కొంత దూరం సైకిలు, కొంత దూరం పడవ, అవసరమైతే ఈత, మధ్యలో తాడు పట్టుకుని బండ ఎక్కడం, దిగడం. చిన్న పందేలు ఒక పూటలో అయిపోతాయి. పెద్దవి పగలనకా రాత్రనకా పది రోజులు కూడా సాగుతాయి. ఎప్పుడు నిద్రపోవాలో జట్టే తేల్చుకోవాలి. దారి గీసి ఉండదు. చేతిలో పటమూ దిక్సూచీ ఉంటాయి. గుర్తులు పెట్టిన చోట్లన్నిటికీ వెళ్లి, వెళ్లినట్టు ముద్ర వేయించుకుని ముందుకు పోవాలి.

ఇది విని మన పల్లెలో ఏ పెద్దమ్మైనా ఫక్కున నవ్వితే తప్పు పట్టలేం. తెల్లారకముందే నాట్లకి మైళ్లు నడిచి, పొద్దుగూకేదాకా బురదలో వొంగి, చీకట్లో కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చే మనిషి ఆమె. నడవడానికి ఎదురు డబ్బు కడతారని చెబితే నమ్ముతుందా?

కానీ నవ్వి ఊరుకునే సంగతి కాదిది. వచ్చే మార్చి 20న మా మండలంలో ఆరు పల్లెల పిల్లలతో మేమే ఒక సాహస పందెం పెడుతున్నాం. ఇంకా తాళ్లు కూడా కొనకముందే గొడవ లేచింది. గొడవ పందెం మీద కాదు, దారి మీద. పల్లె పిల్లలు ఊరి నడివీధిలో సైకిళ్లు తొక్కకూడదంట. సాగునీటి చెరువులో దిగకూడదంట. దొంకదారిన చుట్టూ తిరిగి పొమ్మంటన్నారు. ఇటు మన వాళ్లలోనే కొందరు ‘కూడూ గుడ్డా లేనోళ్లకి ఈ ఆటలెందుకు’ అంటన్నారు. ఆ మాటకీ ఈ మాటకీ జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాం.

ముందు ఈ ఆట పుట్టుక తెలుసుకుందాం. 1983లో రాబిన్ జడ్కిన్స్ అనే ఆయన న్యూజిలాండ్ దక్షిణ దీవిని ఒక తీరం నించి రెండో తీరం దాకా అడ్డంగా దాటే పందెం పెట్టాడు. పరుగు, సైకిలు, పడవ కలిపి 243 కిలోమీటర్లు. 1989లో జెరార్ ఫ్యూజిల్ అనే ఫ్రెంచివాడు అదే న్యూజిలాండ్‌లో రోజుల తరబడి సాగే జట్టు పందెం మొదలుపెట్టాడు. డబ్బు సిగరెట్ కంపెనీది, పందేనికి పేరూ ఆ సిగరెట్‌దే. 1995లో మార్క్ బర్నెట్ అమెరికాలోని యూటాలో ఎకో ఛాలెంజ్ పెట్టి దాన్ని టీవీకెక్కించాడు. 2001 నించి ప్రపంచ సిరీసు నడుస్తోంది. ఒక్కో దేశంలో ఒక్కో పందెం. అందులో గెలిచిన జట్టుకి ప్రపంచ పోటీలో చోటు. సైకిళ్లు, పడవలు, తాళ్లు, హెల్మెట్లు, విమానం టిక్కెట్లు, పైన ప్రవేశ రుసుం. ఇదంతా భరించగలిగినవాడే ఈ సిరీసులో తిరుగుతాడు. ఆట అడవిలో జరిగినా గేటు మాత్రం బ్యాంకు దగ్గర ఉంది.

2019 సెప్టెంబరులో ఎకో ఛాలెంజ్ ఫిజీ దీవుల్లో జరిగింది. 30 దేశాల నించి 66 జట్లు, 671 కిలోమీటర్లు, 11 రోజులు. మన దేశం నించి కూడా ఒక జట్టు వెళ్లింది. కవల అక్కచెల్లెళ్లు తాషి, నుంగ్షి మాలిక్ దానికి ముందు నిలిచారు. న్యూజిలాండ్ జట్టు గెలిచి లక్ష డాలర్లు పట్టుకుపోయింది. 2020లో అమెజాన్ ప్రైమ్‌లో పది భాగాలుగా చూపించారు. వెదుళ్లతో తెప్పలు కట్టుకుని ఏటి మీద పోవడం, బురదలో జారుతూ లేస్తూ నడవడం, జలపాతం పక్కన తాడు మీద పైకి పాకడం. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

ఫిజీ పేరు మనకి కొత్తది కాదు. 1879 నించి 1916 దాకా బ్రిటిషువాళ్లు మన దేశం నించి 60 వేల మందికి పైగా కూలీల్ని అక్కడి చెరకు తోటలకి ఓడలకెక్కించారు. 1903 నించి మద్రాసు రేవు మీదుగా తెలుగు జనమూ వెళ్లారు. అయిదేళ్ల ఒప్పందం. ‘అగ్రిమెంట్’ అనే మాట కూలీల నోట నలిగి గిర్మిట్ అయింది. అప్పజెప్పిన పని మొత్తం చేస్తే మగమనిషికి రోజుకి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. మిగిలిన ఒప్పందాలన్నీ 1920 జనవరి 1న రద్దయ్యాయి. దాదాపు వందేళ్ల తర్వాత అవే దీవుల్లో ఎండకీ వానకీ ఓర్చుకోవడం లక్ష డాలర్ల ఆట అయింది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎండ అదే, బురద అదే. మరి తేడా ఎక్కడుంది? ఇష్టపడి దిగి, ఓపిక చచ్చినప్పుడు ‘చాలు’ అని బయటికి రాగలిగినవాడిది సాహసం. కడుపు కోసం దిగి, ‘చాలు’ అనే వీలు లేనివాడిది కూలి. మన ఒంట్లో ఓర్పు లేదని ఎవడూ అనలేడు. లేనిదల్లా దిగాలా వద్దా అని మనమే తేల్చుకునే హక్కు. సాహస పందెం గురించి మనం మాట్లాడుతున్నామంటే ఆ హక్కు గురించి మాట్లాడుతున్నట్టే.

ఇంకో సంగతి. 2000 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎకో ఛాలెంజ్ మలేషియాలోని సబా అడవుల్లో జరిగింది. 304 మంది పోటీదారులు. ఇళ్లకి పోయాక వరసగా జ్వరాలొచ్చాయి. అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ కదిలింది. దేశదేశాల్లో ఉన్న పోటీదారుల్ని వెతికి 189 మందితో మాట్లాడింది. 80 మందికి జబ్బు చేసినట్టు లెక్క తేలింది, 29 మంది ఆస్పత్రిలో చేరారు. ఎవరూ చనిపోలేదు. ఆ జబ్బు పేరు లెప్టోస్పైరోసిస్. మనవాళ్లు ఎలుక జ్వరం అంటారు. సెగామా అనే ఏట్లో ఈదినప్పుడు అంటుకుందని కూడా తేల్చారు.

మంచిదే, మనిషి ప్రాణం ఎక్కడైనా ప్రాణమే. కానీ ఈ జ్వరం ఎవరిది? వరిమళ్లలో ఒట్టికాళ్లతో దిగేవాళ్లది, మురుగులో చెయ్యి పెట్టేవాళ్లది. ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్లు కాలి పగుళ్లలోంచి ఒంట్లోకి పోతే వస్తుంది. మన పల్లెల్లో నాట్ల కాలంలో ఒళ్లు కాలిపోయి పడుకున్న కూలిమనిషి ఇంటికి రక్తపరీక్ష ఎన్నిసార్లు వచ్చింది? ఆరెంపీ డాక్టరు సూదేస్తాడు. మూడోనాడు మళ్లీ మడిలో దిగుతుంది. పోటీదారుల జ్వరాన్ని ఖండాలు దాటి లెక్కపెట్టారు. మన జ్వరం మండలం కూడా దాటదు.

తాడు సంగతీ చూడండి. సాహస పందెంలో తాడు మీద దిగాలంటే నడుముకి బిగింపు పట్టీ, తలకి హెల్మెట్, పైన గట్టి ఆధారాలు, పక్కన తర్ఫీదైన మనిషి కావాలి. ఇందులో ఒక్కటి తక్కువైనా దిగనియ్యరు. సరైన పద్ధతి. మరి పట్నాల్లో మ్యాన్‌హోల్లోకి దిగే మన తమ్ముడికి ఏముంది? 2013 చట్టం రక్షణ సామగ్రి లేకుండా మురుగు గుంతల్లోకి మనిషిని దించకూడదంది. మన బెజవాడ విల్సన్ జీవితమంతా దీని మీదే కొట్లాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్నాడు. 2014 మార్చిలో సుప్రీంకోర్టు 1993 నించి మురుగులో చనిపోయిన వాళ్ల కుటుంబాలకి 10 లక్షలివ్వమంది. 2023 అక్టోబరులో ఆ పరిహారాన్ని 30 లక్షలు చేసింది. చచ్చాక ఇచ్చే డబ్బు పెరిగింది. బతికుండగా ఇవ్వాల్సిన తాడు ఇంకా రాలేదు. ఆటకి రెండు తాళ్లు, బతుక్కి ఒక్కటీ లేదు. ఇదేం న్యాయం?

ఇక మా దగ్గర జరిగింది చెబుతాం. రెండేళ్ల కింద మా పక్క కొండల్లో పట్నం వాళ్లు ఇట్లాంటి పందెం ఒకటి పెట్టారు. పేరెందుకు గానీ, డబ్బున్న వాళ్లే. మన పల్లె కుర్రాళ్లు పన్నెండు మంది దానికి పనిచేశారు. గుడారాలు మోశారు. నీళ్ల క్యాన్లు కొండెక్కించారు. రాత్రంతా గుర్తుల దగ్గర టార్చిలైట్లు పట్టుకుని కూర్చున్నారు. కాలిబాట ఎటుందో, వాగు ఎక్కడ దాటొచ్చో పటం గీసేవాళ్లకి చూపించింది మన మేకల కాపరే. అతని పేరు పటంలో లేదు. కూలి ఇచ్చారు, కాదనం. పోటీ అయ్యాక మెడల్ వేసుకున్న వాళ్లంతా వరసగా నిలబడి ఫోటో దిగారు. ఫోటో తీసేటప్పుడు మన వాళ్లని గుడారాలు విప్పమన్నారు.

అప్పుడే బీఈడీ చదివే మన పిల్ల ఒకతీ, ముగ్గురు కుర్రాళ్లూ ‘ఇందులో మేం చెయ్యలేనిదేముంది?’ అని మరుసటి పందేనికి జట్టు కట్టారు. రుసుం మేం బడిపంతుళ్లం తలా కాస్త వేసుకున్నాం. సైకిళ్లు అడిగి తెచ్చాం. తీరా పోతే ఈత పరీక్ష అన్నారు. 50 మీటర్లు ఈదాలి. నలుగురిలో ఒక్కడికే ఈత వచ్చు. జట్టు మొత్తం పక్కకి తప్పుకుంది. ‘రూలు అందరికీ ఒకటే గదండీ’ అన్నారు నిర్వాహకులు, చాలా మర్యాదగా.

ఆ రూలు తప్పని మేం అనం. నీళ్ల మీద పందెం పెట్టేవాడు ఈత పరీక్ష పెట్టాల్సిందే. రేపు మా పందెంలోనూ అది ఉంటుంది. మేమడిగేది ఇంకో ప్రశ్న. నీళ్ల ఊళ్లో పుట్టిన నలుగురిలో ముగ్గురికి ఈత ఎందుకు రాలేదు?

ఎందుకు రాలేదో మీకు తెలుసు, మాకు తెలుసు, ఊరికి మరీ బాగా తెలుసు. ఊళ్లో పిల్లలు ఎండాకాలం సెలవులు వస్తే నడుముకి ఎండు సొరకాయబుర్ర కట్టుకుని బావుల్లో దూకుతారు. మామయ్యో బాబాయో గట్టున నిలబడి నేర్పుతాడు. ఆ బావి ఎవరిది? ఆ పొలం ఎవరిది? మన పిల్ల ఆ గట్టెక్కితే ‘నీళ్లు మైలపడతాయి’ అన్న కాలం తాతలది మాత్రమే కాదు. ఇవాళ ఆ మాట నోటితో అనరు, మోటారు షెడ్డుకి తాళం వేస్తారు, అంతే. చెరువుకి నాలుగు రేవులుంటే మనకి చివరి రేవు, గేదెల రేవు పక్కన. ఆడపిల్లకైతే అదీ లేదు. తరాల తరబడి నీళ్లకి దూరంగా నెట్టి, ఇప్పుడు ‘ఈత రాదా, అయ్యో’ అంటే మేం సిగ్గుపడాలా? సిగ్గుపడాల్సింది ఊరు.

మార్చి 20 ఊరికే ఎంచుకోలేదు. 1927లో ఆ రోజునే బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని మహాడ్‌లో చౌదార్ చెరువు దగ్గరికి నడిచి, దోసిట నీళ్లు తీసుకుని తాగాడు. గేదెలు తాగే నీళ్లని మనుషులు తాగినందుకు కొట్టారు, తర్వాత చెరువుకి శుద్ధి చేశారు. మన కారంచేడు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1985 జూలైలో తాగేనీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి నీళ్లతోనే మొదలైంది. అదేమని అడిగినందుకు, మున్నంగి సువార్త చేతిలో బిందె ఎత్తినందుకు, జూలై 17న పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. అందుకే మేం ఒక మాట స్పష్టంగా చెబుతున్నాం. తాగేనీళ్ల చెరువులో మేం దిగం, ఎవరినీ దిగనియ్యం. దాని విలువ మనకంటే ఎవరికి తెలుసు? మేమడుగుతున్నది పొలాలకి నీళ్లు పారే చెరువు. అది ప్రభుత్వానిది. అందులో ఊరి గేదెలు పొద్దస్తమానం ఈదుతాయి.

ఇప్పుడు చట్టం ఏం చెబుతోందో చూద్దాం. రాజ్యాంగం 15వ అధికరణ బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు వాడుకోవడంలో కులం పేరుతో ఎవరినీ ఆపకూడదంటోంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు, 2016 జనవరి 26 నించి అమల్లోకి వచ్చింది. అందులో మూడో సెక్షన్ ఏది నేరమో వరసగా రాసింది. దళితుల్ని, ఆదివాసుల్ని ఏరు, వాగు, బావి, చెరువు, రేవు వాడుకోకుండా ఆపడం నేరం. రోడ్డున, దారిన పోకుండా ఆపడం నేరం. నలుగురూ తిరిగే చోట సైకిలు ఎక్కకుండా ఆపడం నేరం. కాలికి చెప్పు తొడుక్కోకుండా ఆపడం నేరం.

ఒకసారి ఆగి ఆ వరస మళ్లీ చదవండి. దారి, సైకిలు, చెరువు, కాలికి చెప్పు. సాహస పందేనికి కావలసిన సరంజామా కూడా అదే గదా! వేరే దేశంలో అయితే ఇవి ఆట వస్తువులు. మన దేశంలో వీటికోసం పార్లమెంటు చట్టం రాయాల్సొచ్చింది. మన తాతలు ఊరి మొదట్లోనే సైకిలు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, నడివీధి దాటాక మళ్లీ ఎక్కేవాళ్లు. ఆ వీధిలో మనవరాలు హెల్మెట్ పెట్టుకుని, బూట్లు తొడుక్కుని, గంట కొట్టుకుంటూ సైకిలు మీద పోతుందంటే ఊరికెందుకు నిద్ర పట్టడం లేదో అర్థమవుతోందా? వాళ్లకి భయం సైకిలంటే కాదు, దిగకుండా పోయే మనిషంటే.

ఇక మన వాళ్ల మాటకి వద్దాం. ‘భూమి లేదు, కూలి లేదు, ఉద్యోగాలు లేవు, పందేలెందుకన్నా?’ అని అడిగే తమ్ముళ్లు మంచోళ్లే. కానీ ఆట విడిగా, పోరాటం విడిగా ఎప్పుడుంది? పాల్వంకర్ బాలూ సంగతి తెలుసా? చమార్ కులంలో పుట్టాడు. 1911లో ఇంగ్లండు పర్యటనకి వెళ్లిన భారత జట్టులో 114 వికెట్లు తీశాడు. అంతటివాణ్ణి పూనాలో ఆట మధ్య విరామంలో బయట కూర్చోబెట్టి, వేరే మట్టి ముంతలో టీ పోశారు. వికెట్లు కావాలి, అతను తాగిన కప్పు వద్దు. జట్టు నాయకత్వం ఒక్కసారీ ఇవ్వలేదు.

క్రికెట్లో ఆ అంటు సాగింది. ఎందుకంటే పదకొండు మంది మైదానంలో విడివిడిగా నిలబడొచ్చు, విడివిడిగా తాగొచ్చు. సాహస పందెంలో అది సాగదు. దాని రూలు చూడండి. నలుగురూ కలిసే ప్రతి గుర్తు దగ్గరికీ రావాలి, నలుగురూ కలిసే గీత దాటాలి. ముగ్గురు ముందొచ్చి ఒకరు వెనకపడితే ఆ జట్టు రానట్టే లెక్క. అందుకే బలమున్నవాడు తన నడుముకి తాడు కట్టుకుని అలిసినవాణ్ణి లాక్కుపోతాడు. అది తప్పు కాదు, ఆటలో పద్ధతి. అలిసినవాడి సంచి ఇంకొకడు మోస్తాడు. నీళ్లు అయిపోతే ఒకే సీసా నాలుగు నోళ్లు తాగుతాయి. చలేస్తే ఒకే గుడారంలో ఒకరినొకరు ఆనుకుని పడుకుంటారు. ఎక్కడ పెడతావు అక్కడ మైల? ఎవరి గ్లాసు విడిగా పెడతావు? డబ్బున్నవాళ్లు తమ సరదాకి కనిపెట్టుకున్న ఆటే గావచ్చు. దాని రూలు మాత్రం కులానికి పనికిరాదు, మనకి పనికొస్తుంది. అందుకే ఆటని తీసుకుందాం, గేటుని పీకేద్దాం.

ఊళ్లో పేద పిల్లలు, బీసీల పిల్లలు వస్తామంటే తప్పకుండా రానిద్దాం. ఒక్కటే షరతు. సీసా ఒకటే.

‘మన పిల్లలకి అంత దమ్ముందా?’ అనేవాళ్లకి జవాబు పాతబడింది. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివే ఇద్దరు పిల్లలు ఎవరెస్ట్ ఎక్కారు. ఒకరు నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి గిరిజన పిల్ల మాలావత్ పూర్ణ, అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఇంకొకరు ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు సాధనపల్లి ఆనంద్. మొదట తాడు పట్టింది భువనగిరి కోట బండ మీదే. ఆ గురుకులాల అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ వాళ్ల మీద నమ్మకం పెట్టాడు, శేఖర్ బాబు తర్ఫీదు ఇచ్చాడు, కడుపునిండా తిండి దొరికింది. ఆ మూడూ అందాకే కొండ లొంగింది.

అదే ఏడు ఏప్రిల్ 18న అదే కొండకి అవతలి పక్క, నేపాల్ వైపు, మంచు విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. ఇతరుల సామాన్లు, తాళ్లు మోస్తూ పోయినవాళ్లు. ఆ 16 మందినీ, ఈ ఇద్దరు పిల్లల్నీ కలిపి గుర్తుపెట్టుకోవాలి. మోసేవాళ్లుగానే మిగిలిపోతామా, ఎక్కేవాళ్లం కూడా అవుతామా?

అయితే ఇద్దరి ఫోటో గోడకి తగిలించి చేతులు దులుపుకుంటే కుదరదు. మన హాస్టళ్లలో చదివే పిల్లల్లో ఎంతమందికి ఈత నేర్పే మనిషున్నాడు? సెలవు రోజు కాలవలో స్నానానికి దిగి మునిగిపోయిన హాస్టల్ పిల్లల వార్త ఏటా చదువుతున్నాం, ఏటా ఏడుస్తున్నాం. ఈత ఆట మాత్రమే కాదు, ప్రాణం. పటం చదవడం ఆట మాత్రమే కాదు. తన ఇంటి స్థలం, తన అసైన్డు భూమి సర్వే పటంలో ఎక్కడుందో చూసుకోగలిగిన పిల్లని రేపు ఏ కరణం వారసుడూ మోసం చెయ్యలేడు. ‘కూడూ గుడ్డా’ అన్న తమ్ముళ్లకి మా జవాబు ఇదే. పందెం పేరుతో మేం నేర్పేది బతుకే.

ఇప్పుడు పని సంగతి. ఏ పల్లెవాళ్లైనా పెట్టుకోవడానికి వీలుగా మేం వేసుకున్న పద్ధతి రాస్తున్నాం.

ఒకటి. జట్టుకి నలుగురు, అందులో ఇద్దరు ఆడపిల్లలు తప్పనిసరి. పదహారేళ్లు నిండాలి. పద్దెనిమిది లోపు వాళ్లకి ఇంట్లో సంతకం కావాలి. రుసుం లేదు. ఇంటికి దోసెడు బియ్యం చాలు, అందరికీ వంట అక్కడే.

రెండు. నడక 8 కిలోమీటర్లు, సైకిలు 15, చెరువులో 200 మీటర్లు, బండ మీద తాడు దిగడం ఒకసారి. గేర్ల సైకిలు అక్కర్లేదు, ఇంట్లో ఉన్నదే చాలు, బ్రేకులు మాత్రం పడాలి. తెల్లారి 5 గంటలకి మొదలు, ఎండ ముదరకముందే 11కి ముగింపు. గడువు దాటిన జట్టుని ట్రాక్టర్లో తీసుకొస్తాం, వాళ్లకీ చప్పట్లే.

మూడు. ఈత నేర్పడం మూడు నెలల ముందే మొదలు. ఈత వచ్చిన పెద్దవాళ్లు గట్టున ఇద్దరు, నీళ్లలో ఇద్దరు లేకుండా పిల్లల్ని దించకూడదు. పందెం రోజు ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్, పక్కనే గాలి నింపిన లారీ ట్యూబులు. 50 మీటర్ల పరీక్ష నెగ్గనివాళ్లు ఉంటే ఆ జట్టు గట్టు వెంట నడిచి పోతుంది, కొంత సమయం అదనంగా లెక్కేస్తాం. జట్టుని మాత్రం ఇంటికి పంపం.

నాలుగు. తాడు పని తర్ఫీదు పొందినవాళ్ల చేతిలోనే. వాళ్లు దొరక్కపోతే ఆ భాగం తీసెయ్యండి. మన పిల్లల ప్రాణం మీద ప్రయోగాలొద్దు.

అయిదు. గుర్తుల దగ్గర కూర్చునేది మన పెద్దమ్మలు, పెద్దయ్యలు. దారి వాళ్లకే తెలుసు, ముద్రా వాళ్లే వెయ్యాలి. దారి చూపినవాళ్ల పేర్లు పటం మీద అచ్చు వెయ్యాలి. ప్రతి చోటా నీళ్లు, ఉప్పూ పంచదారా కలిపిన సీసాలు, ఈల. ఏఎన్ఎంతో ముందే మాట్లాడండి, 108కి దారి తెలిసేట్టు చూడండి.

ఆరు. పంచాయతీకి, తహసీల్దారుకి, పోలీసు స్టేషనుకి నెల ముందు కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కాగితంలో దారి వీధి వీధికీ రాయండి. పైన చెప్పిన సెక్షన్ కూడా రాయండి. సంతకం చేసిన అధికారికి ‘మాకు తెలియదు’ అనే వీలు ఉండదు.

ఏడు. ఒక్కసారి చేసి వదిలేస్తే అది తిరణాల. వరసగా చేస్తేనే సిరీసు. మార్చిలో మా దగ్గర, వానలు తగ్గాక ఇంకో మండలంలో, తర్వాత ఇంకో చోట. ఒక్కో పందేనికి మార్కులు వేసి ఏడాది చివర కలుపుదాం. కొన్న తాళ్లు, జాకెట్లు ఒక పల్లె నించి ఇంకో పల్లెకి పోతుంటాయి. వాటితో పాటు ఈత నేర్పే మనిషీ పోతుంటాడు. బహుమతి డబ్బు వద్దు. గెలిచిన జట్టు పక్క పల్లె పిల్లలకి నెలరోజులు నేర్పాలి, అదే బహుమతి.

చివరిగా దారి సంగతి. ఊరి పెద్దలు మా దగ్గరికి మనిషిని పంపారు. ‘దొంకదారిన పోండి, చెరువు బదులు కాలవ చూసుకోండి, మజ్జిగ మేమే పోయిస్తాం’ అన్నారు. మజ్జిగకి దండం. కాలవకి వడి ఎక్కువ, పిల్లల్ని దించేది లేదు. దొంకదారి మనకి కొత్త కాదు, మన శవాలు పోయింది కూడా ఆ దారినే. నడివీధి పంచాయతీ రోడ్డు. దాని మీద సిమెంటు మన ఓట్ల డబ్బు, మన చేతుల పని. ఊళ్లోవాళ్లు తిరణాలకి ట్రాక్టర్లు తోలేది ఆ రోడ్డు మీదే. అందరూ పోయే దారినే మేమూ పోతాం, ఆరు నిమిషాల్లో దాటిపోతాం. గొడవ పెట్టుకోవడానికి పోవడం లేదు. గొడవవుతుందేమోనని సైకిలు దిగేదీ లేదు.

‘పోనీలే, ఈ ఒక్కసారికి చుట్టూ తిరుగుదాం’ అనే మన వాళ్లకి ఒక్క మాట. పందెంలో పటం మన చేతిలో ఉంటుంది. దారి మనమే ఎంచుకోవాలి. ఇంకొకడు దారి ఎంచి మన చేత నడిపించాడంటే అది పందెం కాదు, మళ్లీ కూలే.

కాబట్టి అన్నలారా, అక్కలారా, ఈ ఆదివారం నించే పని మొదలు. పాత సైకిళ్లు బాగుచేయించండి. ఈత వచ్చినవాళ్ల పేర్లు రాయించండి. ఆడపిల్లల్ని ఇంట్లో ఆపకండి. లాయర్లు, నర్సులు, టీచర్లు ఒక్కో పూట ఇవ్వండి. మార్చి 20 పొద్దున్నే 5 గంటలకి అంబేద్కర్ బొమ్మ దగ్గర కలుద్దాం. ఆడేవాళ్లు ఆడదాం, మిగతావాళ్లం నడివీధికి రెండు పక్కలా నిలబడి చప్పట్లు కొడదాం.

జై భీమ్!